జర్మన్ ఆర్థికవేత్త బయోడేటా చదివి మన దారి వేసుకోవడం ఎలా

మొన్న ఆదివారం కొట్టూరుపురం అన్నా సెంటినరీ లైబ్రరీలో ఒంగోలు అమ్మాయి ఒకతి కలిసింది. ఇక్కడే చెన్నైలో ఎకనామిక్స్ ఎమ్మే రెండో ఏడు. చేతిలో మూడు పేజీల ప్రింటవుట్, ఇసబెల్ ష్నాబెల్ అనే జర్మన్ ఆర్థికవేత్త బయోడేటా, దాదాపు ప్రతి లైనుకీ పసుపు హైలైటర్ పూసి ఉంది. "అక్కా, నాకూ ఇలా యూనివర్సిటీలో పాఠం చెప్పాలనుంది, ప్రభుత్వంలోనూ పని చేయాలనుంది, ఇందులో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు, చూస్తుంటేనే టెన్షన్ వస్తోంది" అంది.

టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? బయోడేటా అంటే గెలిచినవాటి జాబితా. ప్రొఫెసర్, సలహా మండలి సభ్యురాలు, సెంట్రల్ బ్యాంకు బోర్డు సభ్యురాలు అని మెట్టు మీద మెట్టు కనిపిస్తుంది గానీ ఈ మెట్టు నుంచి ఆ మెట్టుకి కాలు ఎలా పడిందో అందులో ఎవరూ రాయరు. మనకి కావలసింది ఆ రాయనిదే. పదవుల్ని కాదు, పదవికీ పదవికీ మధ్య ఉన్న అతుకుల్ని చదవాలి.

కింద కాఫీ తాగుతూ ఆ మూడు పేజీల్నీ ఒక తెల్ల కాగితం మీదకి మార్చాం. రెండు గంటలు పట్టింది. మన తెలుగు పిల్లలు ఇక్కడా బెంగళూరులోనూ ఎకనామిక్స్ చదువుతున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, తరచూ ఇదే అడుగుతారు, అందుకని ఆ పద్ధతి మొత్తం రాస్తున్నాను.

నాలుగు గడులు గీయండి

కాగితాన్ని అడ్డంగా తిప్పి నాలుగు నిలువు గడులు గీయండి. మొదటిది ఏడాది. రెండోది ఊరు. మూడోది జీతం ఎవరిచ్చారు. నాలుగోది ఆ రోజుల్లో ఏ ప్రశ్న మీద పని చేస్తున్నారు. పదవి పేరుకి గడి లేదు, కావాలనే తీసేశాను. పదవి పేరు రాస్తే కళ్ళు అక్కడే ఆగిపోతాయి.

మూడు గడులు బయోడేటా చూసి నింపేయొచ్చు, అరగంట పని. నాలుగోది నింపడానికి మాత్రం వాళ్ళు రాసినవి తెరిచి చూడాలి. పీహెచ్‌డీ పుస్తకం పేరు జర్మన్ జాతీయ గ్రంథాలయం కేటలాగులో దొరుకుతుంది, అక్కడి పీహెచ్‌డీలు ఆ గ్రంథాలయానికి చేరాలన్నది చట్టం. పేపర్లు ఏ ఏడాదివి ఏవో రెపెక్ అనే ఆర్థికశాస్త్ర పేపర్ల ఆన్‌లైన్ జాబితాలో వరసగా ఉంటాయి, చాలావరకు ఉచితంగా చదవాలంటే కీల్ నగరంలోని ఆర్థికశాస్త్ర గ్రంథాలయం నడిపే ఎకాన్‌స్టోర్ ఉంది. ఎవరి దగ్గర ఎవరు పీహెచ్‌డీ చేశారో చూపించే వంశవృక్షం కూడా రెపెక్‌లోనే ఉంది. పేపర్లన్నీ చదవనక్కర్లేదు. మొదటి పేరా, చివరి పేరా చదివితే ప్రశ్న ఏమిటో తెలిసిపోతుంది.

ష్నాబెల్ కాగితం

ఈవిడ కాగితం కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే పద్ధతి మొత్తం ఇందులోనే పట్టుబడుతుంది.

పుట్టింది 1971లో, డార్ట్‌మండ్. స్కూలు అయ్యాక మొదటి వరస చూడండి: 1990 నుంచి 1992 దాకా డార్ట్‌మండ్, జీతం గడిలో డాయిష్ బ్యాంక్. అంటే ఇంటర్ అయిపోయిన పిల్ల యూనివర్సిటీకి వెళ్ళకుండా బ్యాంకులో పని నేర్చుకుంది. జర్మనీలో దీన్ని ఆవుస్‌బిల్డుంగ్ అంటారు, రెండు మూడేళ్ళు సంస్థ కొంత డబ్బిస్తూ పని నేర్పుతుంది, మధ్యమధ్యలో వృత్తి పాఠశాలకి పంపుతుంది. మన ఇళ్ళల్లో ఇలాంటి రెండేళ్ళని "గ్యాప్" అని బాధపడతారు. ఆవిడ బయోడేటాలో అది మొదటి గడి. కౌంటర్ అవతల నిలబడి బ్యాంకు చూసిన మనిషి తర్వాత బ్యాంకుల మీదే పరిశోధన చేసింది.

తర్వాత మాన్‌హైమ్ యూనివర్సిటీ. 2003లో మార్టిన్ హెల్‌విగ్ దగ్గర పీహెచ్‌డీ. ఆ తర్వాత బాన్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ, 2007లో మైన్జ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 2014లో జర్మన్ ప్రభుత్వానికి ఏటా నివేదిక ఇచ్చే ఆర్థిక నిపుణుల మండలి, 2015లో బాన్ యూనివర్సిటీ, 2020 జనవరి 1 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ కార్యనిర్వాహక బోర్డు. మూడు గడులు అయిపోయాయి.

నాలుగో గడి. ఆ అమ్మాయికి ఫోన్‌లో 2004 నాటి పేపర్ తెరిచి చూపించాను, హ్యున్ సాంగ్ షిన్ అనే ఆర్థికవేత్తతో కలిసి రాసింది, విషయం 1763లో వచ్చిన ఆర్థిక సంక్షోభం. "రెండు వందల యాభై ఏళ్ళ కిందటిదా?" అని వెనక్కి వాలింది. సౌకార్‌పేట హుండీల సంగతి తెలుసా అని అడిగాను. తెలియదంది. ఒక వ్యాపారి కాగితం మీద "మూడు నెలల తర్వాత ఇంత సొమ్ము ఇస్తాను" అని రాసిస్తాడు. పుచ్చుకున్నవాడు దాని వెనక సంతకం పెట్టి ఇంకొకడికిస్తాడు, వాడు మరొకడికి. కాగితం చేతులు మారేకొద్దీ సంతకాలు పెరుగుతాయి, సంతకం పెట్టిన ప్రతివాడూ బాధ్యుడే. ఎన్ని సంతకాలుంటే కాగితానికి అంత నమ్మకం. ఆమ్‌స్టర్‌డామ్‌లో, హాంబర్గ్‌లో, బెర్లిన్‌లో ఇలాంటి కాగితాల మీదే వ్యాపారమంతా నడిచేది. 1763లో ఏడేళ్ళ యుద్ధం ముగిసింది, ధరలు దిగాయి, ఆమ్‌స్టర్‌డామ్‌లో ద నోఫ్‌విల్ అన్నదమ్ముల సంస్థ కూలింది. దాంతో దాని కాగితాల మీద సంతకాలున్న అందరి మీదా అప్పులవాళ్ళు పడ్డారు. అందరూ ఒకేసారి గోదాముల్లో సరుకు తెగనమ్మారు. అందరూ అమ్మితే ధర ఇంకా పడింది. ధర పడేసరికి నిన్నటిదాకా బాగున్నవాడు కూడా మునిగాడు. ఏ సంతకాలైతే నమ్మకం ఇచ్చాయో ఆ సంతకాలే అందర్నీ కలిపి లాగేశాయి.

ఆవిడ నాలుగో గడిలో ప్రశ్న ఇదే: ఒకరు పడితే మిగతావాళ్ళు ఎందుకు పడతారు? పీహెచ్‌డీ కూడా పాత ఆర్థిక సంక్షోభాల మీదే. అదే 2004లో 1931 నాటి జర్మన్ బ్యాంకుల పతనం మీద ఇంకో పేపర్. ఆ రోజుల్లో ఇది చరిత్ర పాఠంలా కనిపించి ఉంటుంది. నాలుగేళ్ళు తిరిగేసరికి 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది, ఒక్కసారిగా ప్రపంచంలో ప్రతి ఆర్థిక శాఖకీ ఆ ప్రశ్నే కావలసి వచ్చింది. సంక్షోభం ఎప్పుడొస్తుందో మనం ప్లాన్ చేసుకోలేం. ప్రశ్నని మాత్రం ముందే ఎంచుకుని పట్టుకుని కూర్చోవచ్చు. ఆ అమ్మాయి హైలైటర్ పూసిన లైన్లలో ఈ రెండు పేపర్లు లేవు. పదవులన్నీ ఉన్నాయి.

ఇక 2014 అతుకు. మండలిలో ఐదే కుర్చీలు. అప్పటిదాకా ఒక కుర్చీలో ఉన్న క్లాడియా బూఖ్ జర్మన్ సెంట్రల్ బ్యాంకు బుండెస్‌బాంక్‌కి ఉపాధ్యక్షురాలిగా వెళ్ళింది, గడువు పూర్తికాకుండానే కుర్చీ ఖాళీ అయింది, ఆ ఖాళీలోకి ష్నాబెల్ వచ్చింది. బూఖ్‌ది కూడా బ్యాంకుల విషయమే, దేశాల మధ్య నడిచే బ్యాంకింగు. ఆవిడ ఊళ్ళ గడి చూస్తే కీల్, ట్యూబింగెన్, హాలె, ఫ్రాంక్‌ఫర్ట్ అని పోతుంది, 2024 జనవరి నుంచి యూరోపియన్ సెంట్రల్ బ్యాంకులోనే బ్యాంకుల పర్యవేక్షణ బోర్డుకి అధ్యక్షురాలు. ఒకరి కాగితం నింపాక వాళ్ళ ముందు ఆ కుర్చీలో ఎవరున్నారో, తర్వాత ఎవరొచ్చారో వాళ్ళవి కూడా నింపండి, రెండు కాగితాలు పక్కపక్కన పెడితే అతుకు దానంతటదే కనిపిస్తుంది.

ఊళ్ళు ఎందుకు మారతాయి

మనవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఏడాదికో ఊరు మారినట్టు కనిపిస్తే "నిలకడ లేదేమో" అనుకుంటారు. జర్మనీలో తమ దగ్గర చదివినవాళ్ళకి తామే ప్రొఫెసర్ కుర్చీ ఇవ్వకూడదన్నది గట్టి ఆనవాయితీ. బయటి యూనివర్సిటీ పిలవాలి. ఆ పిలుపుని రూఫ్ అంటారు, మాటకి అర్థం కూడా పిలుపే. ఒకచోట పని చేస్తుండగా ఇంకోచోటు నుంచి పిలుపొస్తే ఉన్న యూనివర్సిటీతో బేరం మొదలవుతుంది, ఉండిపోతే ఇంకో అసిస్టెంట్‌ని ఇస్తాం, నిధులు పెంచుతాం అని. అందుకే వాళ్ళ బయోడేటాల్లో "ఫలానా యూనివర్సిటీ పిలుపు, వద్దన్నాను" అని ఒక లైను ఉంటుంది. మనం వదులుకున్న ఉద్యోగం పేరు బయోడేటాలో రాయం. అక్కడ అది విలువకి కొలత. ఆ లైన్లు కనిపిస్తే తప్పకుండా మీ కాగితంలో ఎక్కించండి, ఆ ఏడాది ఆ మనిషి ప్రశ్నకి ఎంత గిరాకీ ఉందో అవే చెబుతాయి.

బిరుదుల దగ్గర జాగ్రత్త. ప్రొఫెసర్ అని ఉన్న ప్రతివాళ్ళకీ కుర్చీ ఉన్నట్టు కాదు. పీడీ అని రెండక్షరాలుంటే ప్రివాట్‌డోట్సెంట్, అంటే పీహెచ్‌డీ తర్వాత హబిలిటాట్సియోన్ అనే ఇంకో పెద్ద పరిశోధన చేసి పాఠం చెప్పే అర్హత తెచ్చుకున్నారు, కుర్చీ ఇంకా రాలేదు. హొనొరార్‌ప్రొఫెసర్ అంటే బయట ఉద్యోగం చేసుకుంటూ యూనివర్సిటీలో కొన్ని క్లాసులు చెప్పేవారు. యూనియర్‌ప్రొఫెసర్ 2002 నుంచి వచ్చిన పదవి, హబిలిటాట్సియోన్ లేకుండా కుర్చీ దాకా పోవడానికి వేసిన దారి. విస్సెన్‌షాఫ్ట్‌లిషర్ మిటార్‌బైటర్ అని కనిపిస్తే చిన్న చూపు చూడకండి, చాలామంది పీహెచ్‌డీ చేసేది ఆ ఉద్యోగంలోనే, స్టైపెండు కాదు, ఒప్పందం మీద జీతం.

ప్రభుత్వం వైపు పేర్లు ఇంకా మోసం చేస్తాయి. ష్టాట్స్‌సెక్రెటేర్ అంటే టైపు చేసే సెక్రటరీ కాదు, మంత్రి తర్వాత మనిషి, మన ఢిల్లీ లెక్కలో కార్యదర్శి స్థాయి. ఆబ్‌టైలుంగ్స్‌లైటర్‌ని మాటకి మాట మారిస్తే "విభాగాధిపతి" అవుతుంది, వినడానికి చిన్నదిలా ఉంటుంది. దాని బరువు తెలియాలంటే ఇంకో కాగితం తీయాలి.

ప్రొఫెసర్ కాకుండా వెళ్ళిన దారి

యెన్స్ వైడ్‌మాన్. పుట్టింది 1968లో జోలింగెన్. 1997లో బాన్‌లో మాన్‌ఫ్రెడ్ నోయ్‌మాన్ దగ్గర పీహెచ్‌డీ, విషయం డబ్బు విధానం. ఆ తర్వాత జీతం గడి ఇలా ఉంటుంది: 1997 నుంచి 1999 అంతర్జాతీయ ద్రవ్యనిధి, 1999 నుంచి 2003 నిపుణుల మండలి కార్యాలయం, తర్వాత బుండెస్‌బాంక్, 2006 నుంచి 2011 బెర్లిన్‌లో ఛాన్సలర్ (మన ప్రధానమంత్రిలా ప్రభుత్వాధినేత) కార్యాలయం. అక్కడే ఆయన ఆర్థిక విభాగానికి ఆబ్‌టైలుంగ్స్‌లైటర్, అంటే ఏంగెలా మెర్కెల్‌కి ఆర్థిక సలహాదారు. 2008 సంక్షోభం మధ్యలో ఛాన్సలర్ పక్క గదిలో ఉన్న ఆర్థికవేత్త. 2011 మేలో 43 ఏళ్ళకి బుండెస్‌బాంక్ అధ్యక్షుడయ్యాడు, ఆ పదవిలో అంత చిన్న వయసువాడు అప్పటిదాకా లేడు. 2021 చివర్లో తనే తప్పుకున్నాడు.

ఇందులో ప్రొఫెసర్ కుర్చీ లేదు. మరి అతుకు ఎక్కడుంది? నా లెక్కలో 1999 గడిలో. అప్పుడాయన మండలికి ప్రధాన కార్యదర్శి. నివేదిక మీద పేర్లు ఐదుగురు సభ్యులవి. గణాంకాలు సరిచూడటం, అధ్యాయాలు కూర్చడం, నవంబర్ గడువులోగా అచ్చుకి పంపడం కార్యాలయం సిబ్బంది పని. పెద్దవాళ్ళ పేరు మీద వెళ్ళే కాగితాన్ని నాలుగేళ్ళు చేత్తో పట్టుకున్నవాడికి ఆ రంగంలో అందరూ తెలుస్తారు, అందరికీ అతను తెలుస్తాడు. పేరు కనపడని పని అని ఇలాంటివి వదిలేసుకునే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మండలి నివేదికని చదవడం

రెండుసార్లు మండలి పేరు వచ్చింది కాబట్టి దాని సంగతి. 1963లో చట్టం చేసి పెట్టారు. ఐదుగురు సభ్యులు, ఐదేళ్ళ గడువు, కేంద్ర ప్రభుత్వం పేర్లు పంపితే దేశాధ్యక్షుడు నియమిస్తాడు. జనం ఐదుగురు ఆర్థిక జ్ఞానులు అంటారు. ఏటా నవంబర్ నడిమికల్లా నివేదిక ఇవ్వాలి, దానికి ప్రభుత్వం ఎనిమిది వారాల్లో జవాబు చెప్పి తీరాలి. ఫలానా చర్య తీసుకోండి అని సిఫారసు చేసే అధికారం మాత్రం చట్టం ఇవ్వలేదు, ఇలా చేస్తే ఇది జరుగుతుంది, అలా చేస్తే అది అని దారులు చూపించాలి అంతే.

సభ్యుల్లో ఒకరు ఒప్పుకోకపోతే తన అభిప్రాయం అదే నివేదికలో విడిగా రాసుకోవచ్చు. 2004 నుంచి 2019 దాకా ఉన్న పీటర్ బోఫింగర్ ఇలా విడిగా రాసినవి ఎన్నో ఉన్నాయి. ఎవరి బయోడేటాలోనైనా మండలి సభ్యత్వం కనిపిస్తే ఆ ఏళ్ళ నివేదికలు తెరిచి వాళ్ళు ఎక్కడ విడిపోయారో చూడండి. నలుగురు ఒకవైపు ఉన్నప్పుడు ఐదోవాళ్ళు ఏ ప్రశ్న దగ్గర పట్టుబట్టారో, నాలుగో గడిలో రాయడానికి అంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

వదలకూడని గడి

పాతకాలం వాళ్ళని చదివేటప్పుడు 1933 నుంచి 1945 దాకా గడి ఖాళీగా వదలకండి. చాలా బయోడేటాలు ఆ ఏళ్ళ మీద తేలిగ్గా దాటేస్తాయి. కార్ల్ షిల్లర్ సంగతి తీసుకోండి. 1911లో బ్రెస్లావ్‌లో పుట్టాడు, 1947లో హాంబర్గ్‌లో ప్రొఫెసర్, 1956 నుంచి 1958 ఆ యూనివర్సిటీకి రెక్టర్, మధ్యలో హాంబర్గ్ రాష్ట్ర ప్రభుత్వంలో, తర్వాత పశ్చిమ బెర్లిన్‌లో ఆర్థిక శాఖ, 1966లో కేంద్ర ఆర్థిక వ్యవహారాల మంత్రి. యుద్ధం తర్వాత మొదటిసారి జర్మనీలో మాంద్యం వచ్చిన సమయం. 1967 స్థిరత్వ చట్టం ఆయన హయాంలోదే: ధరలు నిలకడగా ఉండాలి, అందరికీ పని ఉండాలి, బయటి దేశాలతో లెక్క సరిపోవాలి, వృద్ధి సాగాలి. నాలుగూ ఒకేసారి కుదరడం కష్టం కాబట్టి దాన్ని మాయా చతురస్రం అన్నారు. 1971లో ఆర్థిక శాఖ, ఖజానా రెండూ ఆయన చేతికొచ్చాయి. 1972 జులైలో విదేశీ పెట్టుబడి రాకమీద ఆంక్షలు పెట్టే విషయంలో మంత్రివర్గమంతా ఒకవైపు, ఆయన ఒకవైపు అయ్యేసరికి రాజీనామా చేశాడు.

ఇంత చెప్పుకున్నాక 1937 గడి కూడా రాయాలి. ఆ ఏడాది షిల్లర్ నాజీ పార్టీలో చేరాడు. అదే తరానికి దగ్గరవాడైన ఆర్థికవేత్త విల్‌హెల్మ్ రోప్కెని 1933లో యూనివర్సిటీ నుంచి తీసేశారు, ఇస్తాంబుల్ వెళ్ళాడు, 1937లో జెనీవా చేరాడు. ఇద్దరి కాగితాలూ పక్కన పెట్టుకోండి. తర్వాత ఛాన్సలర్ దాకా ఎదిగిన లుడ్‌విగ్ ఎర్హార్డ్‌కి 1925లో పీహెచ్‌డీ ఇప్పించిన గురువు ఫ్రాన్స్ ఓపెన్‌హైమర్ యూదుడు, ఆయనా దేశం విడిచి అమెరికాలో చనిపోయాడు. కుర్చీలు ఖాళీ అవడం అంటే అక్కడ ఆ ఏళ్ళలో వేరే అర్థం ఉంది. ఎవరి దారినైనా మనం ఆదర్శంగా పెట్టుకునే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఇప్పుడు మీ కాగితం

వాళ్ళ కాగితాలు రెండు మూడు అయ్యాక మీది మొదలుపెట్టండి, అవే నాలుగు గడులు, ఈసారి రాబోయే పదేళ్ళకి.

జీతం గడి విషయంలో మన దగ్గరున్న తలుపులు వేరు. జర్మనీలో లేనిది మనకొకటుంది, పరీక్ష. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కి యూపీఎస్సీ పరీక్ష పెడుతుంది, 21 నుంచి 30 ఏళ్ళ మధ్య ఉండాలి, ఎకనామిక్స్‌లోనో దాని దగ్గరి సబ్జెక్టులోనో పీజీ ఉండాలి. రాతపరీక్ష 1000 మార్కులు, ఇంటర్వ్యూ 200. రిజర్వ్ బ్యాంకు పరిశోధన విభాగానికి గ్రేడ్ బి నియామకాలు విడిగా ఉంటాయి. పరిశోధన వైపు పోవాలంటే చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆ లైబ్రరీకి కూతవేటు దూరంలోనే ఉంది, అడయార్‌లో 1971లో పెట్టిన మద్రాస్ అభివృద్ధి అధ్యయనాల సంస్థ ఉంది, బెంగళూరు నాగరభావిలో వి.కె.ఆర్.వి. రావు 1972లో స్థాపించిన సామాజిక, ఆర్థిక మార్పుల అధ్యయన సంస్థ ఐసెక్ ఉంది.

మనవాళ్ళ కాగితాలు కూడా నింపండి. సి. రంగరాజన్ 1964లో పెన్సిల్వేనియాలో పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్‌గా ఉండి 1982లో రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్, 1992లో గవర్నర్, 1997లో మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నర్. వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు రిజర్వ్ బ్యాంకు గవర్నర్ పదవికి ఐఏఎస్ తలుపులోంచి వెళ్ళారు, రెడ్డిగారి పీహెచ్‌డీ ఉస్మానియాలో, సుబ్బారావుగారిది ఆంధ్రా యూనివర్సిటీలో. అంటే మన దగ్గర ఆఫీసులో ఉండి చదువు వైపు వచ్చినవాళ్ళున్నారు, చదువులో ఉండి ఆఫీసుకి పిలిపించుకున్నవాళ్ళూ ఉన్నారు. యూనివర్సిటీ ఉద్యోగం వదలకుండా డెప్యుటేషన్ మీదో లీన్ మీదో వెళ్ళడం మనకీ ఉంది. ష్నాబెల్ బాన్ ప్రొఫెసర్ పదవి పక్కన "సెలవులో" అని ఉండటం అదే.

జర్మనీ వెళ్ళి చదవాలనుకుంటే డబ్బు లెక్క ముందే వేసుకోండి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, కానీ బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటి దేశాలవాళ్ళ దగ్గర సెమిస్టర్‌కి 1500 యూరోలు తీసుకుంటోంది, మాన్‌హైమ్, ట్యూబింగెన్ అందులోకే వస్తాయి, బాన్ రాదు. 2022 నవంబర్ నుంచి వీసాకి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు పత్రాలు అసలైనవని తేల్చే కాగితం, తప్పనిసరి. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ముందే డబ్బు వేసి నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలన్నది 2024 సెప్టెంబర్ నుంచి ఉన్న లెక్క, మీరు అప్లై చేసే రోజున మళ్ళీ సరిచూసుకోండి. మాస్టర్స్ ఇంగ్లిష్‌లో దొరుకుతుంది, కానీ ప్రభుత్వం వైపు పనంతా జర్మన్‌లోనే జరుగుతుంది, కాబట్టి నుంగంబాక్కం మాక్స్ ముల్లర్ భవన్‌లో క్లాసులు ఎమ్మే మొదటి ఏడులోనే మొదలుపెడితే మంచిది.

ప్రొఫెసర్లకి ఉత్తరం రాసేటప్పుడు ఒక్క మాట. నేను ఎమ్మే అయిన ఏడు పదకొండు మందికి ఒకే ఉత్తరం పంపాను, పేరు మాత్రం మార్చి. ఒక్క జవాబు రాలేదు, మూడు నెలలు రోజూ మెయిల్ తెరిచి చూసేదాన్ని. తర్వాత ఒకరి పేపర్ కూర్చుని చదివి, అందులో ఒక పట్టికలో 1920ల అంకెలు ఎందుకు వదిలేశారని నాలుగు లైన్లలో అడిగాను, నా గురించి ఒకటే లైను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. వాళ్ళకి మన మార్కులు కాదు, మన ప్రశ్న కనపడాలి.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి తేవాలి అంటే, మీకు దగ్గరగా ఉన్నదాంట్లోంచే. సబ్జెక్ట్ పేరు రాయకండి, "బ్యాంకింగ్", "వ్యవసాయం" అంటే అవి అల్మరా పేర్లు. చివర ప్రశ్నార్థకం ఉండే ఒక్క వాక్యం రావాలి. ఒంగోలు అమ్మాయి మొదట "ఫైనాన్షియల్ స్టెబిలిటీ" అని రాసింది. కొట్టేయమన్నాను. మీ ఇంట్లో ఏం చేస్తారని అడిగితే పొగాకు అంది. నాన్నకి బ్యారన్, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టం, ఉంది, గుంటూరులో ఉన్న పొగాకు బోర్డు పెట్టే వేలంలో బేళ్ళు అమ్ముతారు. బ్యాంకు అప్పుకి బాబాయి జామీను, బాబాయి అప్పుకి నాన్న జామీను, పక్క ఊరి మావయ్యకి ఇద్దరూ. ఒక ఏడు వేలంలో ధర పడితే అందరూ అదే వారంలో బేళ్ళు దించుకోవాలని చూస్తారట, ఉంచుకుంటే వడ్డీ పెరుగుతుందని. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. కాగితం మీద పై వరసలో రాసిన 1763 వైపు చూసింది.

తర్వాత పెన్ను తీసుకుని నాలుగో గడిలో తనే రాసుకుంది: "ఒక బ్యారన్ అప్పు తీరకపోతే జామీను సంతకం పెట్టిన పక్క బ్యారన్‌కి ఏమవుతుంది?"

ఏడాది గడిలో 2026 అని వేసి, ఊరు గడిలో ఒంగోలు అని రాసింది. జీతం గడి ఇంకా ఖాళీగానే ఉంది. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ముగ్గురి బ్యాంకు పాసు పుస్తకాలూ అడిగి తీసుకోమని చెప్పాను.